ఉమ్మడానికో కప్పు

పొద్దున్నే వాష్‌బేసిన్ కడగడం ఆమె మొదటి పని. కడగమని ఎవరూ చెప్పలేదు. భర్త పళ్ళు తోముకుని, ఇల్లు దద్దరిల్లేలా ఖాండ్రించి, గొంతులో ఉన్నదంతా ఉమ్మి, కొళాయి అలా తిప్పి ఇలా కట్టేసి వెళ్ళిపోతాడు. తెల్లటి నురగ, దాని మధ్య పచ్చగా జిగురుగా ఏదో, అంచున అతుక్కున్న గడ్డం వెంట్రుకలు. తర్వాత మొహం కడుక్కోవాల్సింది ఆమే కాబట్టి, కడిగేది కూడా ఆమే అయింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి, కాస్త నీళ్ళు పోసి వెళ్ళచ్చు కదా అని అడిగింది. "మొగుడి ఉమ్మికే అసహ్యపడితే ఇంకేం కాపురం చేస్తావు?" అన్నాడు నవ్వుతూ. అది హాస్యమని అతని నమ్మకం. ఆమె బజారుకెళ్ళి ఒక బ్రష్ కొనుక్కొచ్చుకుంది. చేస్తూ ఉంటే అసహ్యం పోతుందని అనేవాళ్ళు ఎప్పుడూ బేసిన్ కడిగి ఉండరు. అలవాటయ్యేది కడగడం. అసహ్యం మాత్రం ఏ రోజుకారోజు తాజాగానే ఉంటుంది.

ఇంతా చేసి, ఆ ఇంట్లో అసహ్యమన్నది ఆమె ఉద్యోగానికి అంటగట్టిన మాట. ఆమె పనిచేసేది బూజుతో. ఆ సంగతి తెలిసిన రోజున అత్తగారు, "అంత చదువూ చదివి బూజు పెంచుతోందా? మనింట్లో ఉన్నది దులపడానికే దిక్కులేదు" అని బుగ్గలు నొక్కుకుంది. భర్త అయితే ఆమె గుమ్మంలో చెప్పులు విప్పకముందే చేతులు కడుక్కున్నావా అని అడుగుతాడు. చేతులు కడుక్కున్నాక ఆ చేతులతోనే వంట చెయ్యాలి, అతను వదిలేసిన కంచం తియ్యాలి. నమిలి పక్కన పెట్టిన ముక్కలూ, ముక్కు తుడుచుకున్న కాగితమూ ఉంటాయి ఆ కంచంలో. అవి బూజు కావు కనుక వాటికి పట్టింపు లేదు.

ఆ బూజు ఎంత శుభ్రమైనదో వాళ్ళకి చెప్పి లాభం లేదని ఆమె ఏనాడో మానేసింది. ఉడికించిన తవుడు మీద అది తెల్లగా, దూదిలా పరుచుకుంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే లేత పుట్టగొడుగు వాసన. దాని నుంచి ఒక ఎంజైము తీసి పాలలోని మాంసకృత్తుల మీద వదిలితే, ఆ పొడుగాటి గొలుసుల్ని అది కత్తెరలా తుంచుకుంటూ పోతుంది. అలా తెగిన చిన్న ముక్కల్నే పెప్టైడ్లంటారు. వాటిలో కొన్నింటికి రక్తపోటును అదుపులో పెట్టే గుణం ఉంది. ఆమె పనిచేసే సంస్థ వాటితో ఒక పాల పానీయం తయారుచేస్తోంది. అంతా బాగానే ఉంది, ఒక్క చేదు తప్ప. గొలుసుగా ఉన్నప్పుడు కమ్మగా ఉన్న పాలు ముక్కలయ్యేసరికి నాలుక మీద పెట్టలేనంత చేదెక్కుతాయి. ఏ ముక్క ఎంత చేదో చెప్పే యంత్రం వాళ్ళ దగ్గర లేదు. నాలుకే చెప్పాలి.

ఆ నాలుక ఆమెది. ల్యాబులో ఆమెకి నాలుక మేడమ్ అని పేరు పెట్టింది పొడుగాయన. అతను ఆమెతో సమానమైన ఉద్యోగి, జీతం మాత్రం కాస్త ఎక్కువ. రుచి చూసే పద్ధతి పుస్తకాల్లో స్పష్టంగానే ఉంది. గుక్కెడు నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, పక్కనున్న కప్పులో ఉమ్మి, నీళ్ళతో పుక్కిలించి, ఎలా ఉందో చెప్పాలి. చేరిన కొత్తలో ఆమె అలాగే ఉమ్మింది. బల్లకి అటువైపు కూర్చున్న డైరెక్టర్ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఆడవాళ్ళు నలుగురిలో ఉమ్ముతుంటే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. గుక్కెడు పాలే కదా, మింగేయండి" అన్నారు. ఏదో గలీజు పని చేస్తూ దొరికిపోయినట్టు ఆమెకి చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచి ట్రేలో మూడు కప్పులే. ఒకటి డైరెక్టర్ గారికి, ఒకటి పొడుగాయనకి, ఒకటి లెక్కలు చూసే బట్టతలాయనకి. వాళ్ళు ముగ్గురూ ఉమ్ముతారు. ఆమె మింగుతుంది. తర్వాత ఆ మూడు కప్పులూ ఆమే కడుగుతుంది. ఎందుకంటే ఆమె కడిగితేనే శుభ్రంగా ఉంటాయట. ఇంట్లో ఒక బేసిన్ సరిపోక ఇక్కడ మూడు.

అలా ఎంత మింగిందో ఆమెకే తెలియదు. మందు గోలీని నమిలి నోట్లోనే దాచుకున్నట్టుండే ఆ రుచి, మధ్యాహ్నం అన్నంలోకి వచ్చేది, సాయంత్రం కాఫీలోకి వచ్చేది, పడుకున్నాక లాలాజలంలోకి వచ్చేది. ఆమెది అసలే తక్కువ రక్తపోటు. ఆ గుటకల వల్లో, సరిగ్గా తినబుద్ధి కాకో, వంటింట్లో గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడాల్సి వచ్చేది. కూరలో ఉప్పు తెలిసేది కాదు. భర్త మొదటి ముద్దకే కంచం దూరం జరిపి, "సంస్థలో వాళ్ళందరికీ రుచి చెప్పే నాలుక, మొగుడి కూరలో ఉప్పు చెప్పలేదేం?" అనేవాడు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికి ఎవరొచ్చినా మళ్ళీ చెప్పేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

చేదుకి విరుగుడు కనిపెట్టింది ఆమే. అదే బూజు ఇంకో ఎంజైముని కూడా ఇస్తుంది. ఇది మధ్యలో తుంచదు. ముక్కల కొసల దగ్గర చేరి, చేదు పుట్టించే కొసల్ని ఓపిగ్గా కొరికేస్తుంది. కాకపోతే నెమ్మదిగా చేస్తుంది. మొదటిదానికి పూట చాలితే దీనికి ఇంకో రోజు పడుతుంది. పైగా పక్కనే ఉండి చూసుకోవాలి. సరైన సమయానికి వేడిచేసి ఆపకపోతే అసలు పనికొచ్చే ముక్కల్ని కూడా కొరికేస్తుంది. ఆమె సెలవు రోజున వచ్చి, ఎవరూ లేని ల్యాబులో ఒక సీసాడు చేసి చూసింది. చేదు పోయింది. మిగిలింది పల్చటి మజ్జిగలాంటి రుచి. డైరెక్టర్ గారికి చెబితే ఆయన గడియారం చూసుకున్నారు. "రోజుకి రోజు ఎవరు కూర్చుంటారమ్మా? పంచదార వేసి, స్ట్రాబెర్రీ వాసన కొడితే పోలా" అన్నారు. రక్తపోటున్న వాళ్ళలో చాలామందికి షుగరు జబ్బు కూడా ఉంటుంది సార్ అంది ఆమె. తాగేవాళ్ళు సీసా మీద చదువుకుంటారులే అన్నారు ఆయన. అలా గులాబీరంగు పానీయం తయారైంది. ఇంట్లోవాళ్ళకి రుచి చూపించమని ఉద్యోగులందరికీ తలా ఒక సీసా పంచారు. అత్తగారికి షుగరు ఉంది కనుక ఆమె దాన్ని తెచ్చి ఫ్రిజ్‌లో వెనక్కి తోసేసింది.

పాల కంపెనీవాళ్ళు దాన్ని రుచి చూసి ఖాయం చేసుకోవడానికి వచ్చేది రేపనగా, ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సీసా ఖాళీగా బల్ల మీద ఉంది. అడుగున గులాబీరంగు మడ్డి. అత్తగారు కుర్చీలో నీరసంగా వెనక్కి వాలి ఉంది. భర్త మాత్రం ఘనకార్యం చేసినట్టు నిలబడి, "అమ్మకి మొత్తం తాగించాను. మనింటి సరుకు మనకి లేకపోతే ఎలా?" అన్నాడు. ఆమె షుగరు చూసే మీటరు తెచ్చి అత్తగారి వేలు గుచ్చింది. అందులో అంకె ఎన్నడూ చూడనంత పైకి వెళ్ళింది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు మందు వేసి, నీళ్ళు తాగించి పక్కన కూర్చుంది. "ఆరోగ్యానికని చేసి నువ్వే ఇంత కంగారు పడితే ఎలా?" అని భర్త గొణుక్కుంటూ టీవీ ముందుకి పోయాడు.

కాస్త తేరుకున్నాక అత్తగారు కొంగుతో నోరు తుడుచుకుంది. "ముందు తియ్యగానే ఉందే అమ్మాయ్. అడుగుకి వెళ్ళేకొద్దీ ఒకటే చేదు" అంది.

"మరి ఊసేయలేకపోయారా అత్తయ్యా?"

"వాడు ఎదురుగా నిలబడి చూస్తున్నాడుగా. మింగేశాను."

పెద్ద విషయమేమీ కానట్టు అంది ఆ మాట. ముడతలు పడిన ఆ పెదాల చుట్టూ గులాబీరంగు ఎండి ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ మీద కోపం వచ్చింది, విసుగు వచ్చింది, ఒకటి రెండు సార్లు జాలి కూడా వచ్చింది. ఇప్పుడు వచ్చింది ఆవిడ మీద కాదు. ఎవరో ఎదురుగా నిలబడి చూస్తున్నారని, గొంతు దిగనిదాన్ని దింపుకోవడం ఉంది చూడండి, దాని మీద అసహ్యం వేసింది. బేసిన్‌లో కనిపించేది దాని ముందు ఎంత. గుడ్డ తడిపి ఆవిడ మూతి తుడుస్తుంటే, తన మూతి తనే తుడుచుకుంటున్నట్టుంది ఆమెకి.

మర్నాడు కంపెనీ నుంచి ఒక పెద్దమనిషీ, ఇద్దరు సహాయకులూ వచ్చారు. గాజుగ్లాసుల్లో గులాబీరంగు పానీయం పోసి పెట్టింది ఆమే. ట్రేలో కప్పులు సర్దిందీ ఆమే. అతిథులకి మూడు, తనవాళ్ళకి మూడు. ఒక్క క్షణం ఆగి, బీరువాలోంచి ఇంకొకటి తీసి తను కూర్చునే చోట పెట్టుకుంది. పొడుగాయన కనుబొమలెత్తి చూశాడు. అందరూ తలా గుక్కెడు పట్టి, పుక్కిలించి, మర్యాదగా ఉమ్మారు. తియ్యగా ఉంది, చివర్లో ఏదో తగులుతోంది, ఏమిటది అన్నాడు పెద్దమనిషి. అదేం లేదండీ అని డైరెక్టర్ గారు నవ్వి ఆమె వైపు తిరిగారు. "రుచి విషయంలో మా నాలుక మేడమ్ మాటే మాట. ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. చెప్పండమ్మా."

ఆమె గ్లాసు ఎత్తి నోరు నింపుకుంది. పంచదార, సబ్బులాంటి స్ట్రాబెర్రీ వాసన, వాటి కింద నక్కి ఉన్న ఆ పాత చేదు. నాలుకంతా తిప్పింది. డైరెక్టర్ గారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. గొంతు అలవాటు కొద్దీ కదలబోయింది. ఆమె కప్పు అందుకుని, ముందుకి వంగి, అందరికీ వినబడేలా ఉమ్మింది.

ఆమె నీళ్ళతో పుక్కిలించి, అదీ ఉమ్మి, రుమాలుతో పెదాలు ఒత్తుకుంది.

"చేదు ఎక్కడికీ పోలేదండి. పైన పంచదార కప్పాం. నిన్న మా అత్తగారు సీసాడు తాగేసరికి ఆవిడ షుగరు ఎన్నడూ లేనంత పైకి పోయింది. ఇది బాగుందని నేను చెప్పను."

డైరెక్టర్ గారు మళ్ళీ మొహం పక్కకి తిప్పుకున్నారు. బట్టతలాయన కాగితాల్లోకి తల దించేశాడు. ఆమె లేచి ఫ్రిజ్ తెరిచి, సెలవు రోజున చేసిన సీసా తెచ్చింది. పంచదార లేదు, రంగు లేదు, దీనికి ఒక రోజు ఎక్కువ పడుతుంది, ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి అని చెప్పి, ముందు తనే గ్లాసులో పోసుకుంది. ఆ గుక్క మాత్రం మింగింది. మింగమని ఎవరూ అనలేదు. పెద్దమనిషి గ్లాసు చాపి తనకీ పోయించుకుని రెండు గుక్కలు తాగాడు. ఉమ్మడం మర్చిపోయాడు. ఇది చేసింది ఎవరు అని అడిగాడు. మేమే అని డైరెక్టర్ గారు అంటుండగానే, నేను అంది ఆమె.

బేరం ఆ రోజు తెగలేదు. ఆలోచించుకుని చెబుతామని కంపెనీవాళ్ళు సీసా పట్టుకెళ్ళారు. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియలేదు. వెళ్ళేముందు ఆమె తన కప్పు కడిగి, తుడిచి, బోర్లించింది. మిగతావి ట్రేలోనే ఉన్నాయి. వాటి మీద ఈగలు ముసిరితే ఎవరో ఒకరు లేచి కడగక తప్పదనుకుంది.

మర్నాడు పొద్దున భర్త కన్నా ముందే లేచింది. పళ్ళు తోముకుని, గొంతు నిండా గాలి పీల్చి ఖాండ్రించి ఉమ్మింది. పుట్టాక అంత చప్పుడు చేసి ఎప్పుడూ ఉమ్మలేదు. పక్కగదిలోంచి అత్తగారు ఎవరదీ అని అడిగింది కూడా. బేసిన్ తళతళలాడేలా తోమి, బ్రష్ కడిగి అంచున పెట్టి, కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళింది. తర్వాత భర్త వచ్చాడు. ఇల్లు దద్దరిల్లింది. కొళాయి అలా తిరిగి ఇలా ఆగింది. అతను ఆఫీసుకి తయారై, జుట్టు దువ్వుకోవడానికి అద్దం ముందుకొచ్చి ఆగిపోయాడు.

"ఏమిటిది, బేసిన్ ఇలా ఉంది? ఇవాళ కడగలేదా నువ్వు?"

ఆమె కాఫీ గుక్క తాపీగా తాగింది. చాలా రోజుల తర్వాత కాఫీ కాఫీలా ఉంది.

"నాది నేను కడుక్కున్నాను. బ్రష్ మీకు అందేలా పెట్టాను, చూడండి."