మింగిన దగ్గు

డాక్టరమ్మ అడిగే ప్రతిదానికీ రోగి తల్లి తాతమ్మే జవాబు చెబుతోంది.

"గుండెనొప్పి?"

"నేదమ్మా."

"కామెర్లు, షుగరు?"

"ఆ ఊసే నేదు."

"స్కానులో ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది. టీబీ గానీ వచ్చిందా?"

"అదేటి మాటమ్మా! ఎప్పుడో నిమ్ము సేసినాది. మా పిల్లోడు ఉక్కుముక్క!"

కోడలు ఉష తల దించుకుంది. ఆ ఉక్కుముక్క పక్కనే ఉన్నాడు, ఆమె మొగుడు భాస్కర్. బ్లడ్ క్యాన్సర్ పిండేసిన ఒంటితో, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, తల్లి ఆపుకోమంటే పొద్దుటినుంచీ దగ్గు మింగుతున్నాడు. మందులతో జబ్బు ప్రస్తుతానికి అణిగింది. అతని అక్క దుర్గాభవాని రక్తంలోని మూలకణాలు అతనికి సరిపోయాయి. అవి ఎక్కిస్తే బతకొచ్చు. ఆ వైద్యాన్ని ఈ మనిషి తట్టుకుంటాడా లేదా అని తూకం వేయడానికే డాక్టర్ భారతి ఇన్ని ప్రశ్నలు వేస్తోంది.

వాళ్ల జాలర్ల రేవులో ఒక కట్టడి ఉంది. తెప్ప నీళ్లలోకి దిగేవేళ చెడ్డమాట ఎవరి నోటా రాకూడదు. ఒళ్లు కాలిపోతున్నా బాగున్నాననే అనాలి. ఇవాళ గుమ్మం దాటేముందు తాతమ్మ అందరికీ అదే చెప్పింది: "మంచి పనికెల్తన్నాం. ఎవులూ నోరు జారకండి."

గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లినప్పుడు భాస్కర్‌కు టీబీ పట్టుకుంది. తెలిస్తే మళ్లీ బోటు ఎక్కనివ్వరని దాచారు. దగ్గు తగ్గగానే మాత్రలు సగంలో మానేసి వలకెళ్లిపోయాడు. పేదోడికి రోగం కూడా దొంగసొత్తే, ఏం చెప్పుకోవాలి!

"సరే, వచ్చేవారం మొదలుపెడదాం," అంది భారతి. "ముందు పెద్ద మందులిస్తాం. వాటితో రోగాన్ని ఎదిరించే శక్తంతా పోతుంది. ఆ తర్వాతే అక్క కణాలు ఎక్కిస్తాం. లోపల పాత జబ్బేదైనా దాగుంటే అప్పుడు లేచి ప్రాణం తీస్తుంది. అందుకే గుచ్చి గుచ్చి అడుగుతున్నాను."

ఉష మొగుడి తువ్వాలు వైపు చూసింది. చెబితే ఎక్కించరేమో. చెప్పకపోతే చేతులారా చంపుకోవడమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బల్ల కింద అత్త ఆమె తొడ మీద గట్టిగా గిచ్చింది. అంతే, ఉష లేచి నిలబడింది.

"నిమ్ము కాదు మేడంగారూ. మా మావకి టీబీ వచ్చినాది. మందులు సగంలో మానేసినాడు. ఇప్పుడు మళ్లీ దగ్గుతన్నాడు."

"ఒసే, నోర్ముయ్యే!"

"ముయ్యనత్తా! మూసి మూసే ఇంత దూరం వచ్చినాం."

భారతి కలం పక్కన పెట్టింది. "అయితే వచ్చేవారం చేయలేను. ముందు కఫం పరీక్ష, తర్వాత టీబీ మందులు. ఆలోగా క్యాన్సర్ తిరగబెట్టొచ్చు. మీకు అబద్ధం చెప్పను," అని ఊపిరితిత్తుల డాక్టర్ను పిలవడానికి బయటికి వెళ్లింది.

"నా కొడుకు నీ నోటికి బలైపోనాడే!" తాతమ్మ నెత్తి కొట్టుకుంది.

చేసింది మంచో చెడో ఉషకే తెలియదు. ఏడుపు దిగమింగుకుని మొగుడివైపు తిరిగింది.

"మావా, నా మీద కోపమేటి?"

భాస్కర్ తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పొద్దుటినుంచీ మింగిందంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వంగిపోయి, కళ్లనీళ్లు కారుతుండగా దగ్గుతూనే ఉన్నాడు. ఉష వీపు నిమురుతోంది. ఈసారి తాతమ్మ ఆపుకోమనలేదు.