సర్కారు తుమ్మల చాటు

జల్‌పల్లి నుంచి పాత నేస్తం మైసమ్మ ఫోన్ చేసిందంటే సుసన్నకు సగం సంతోషం, సగం గుబులు. ఒక్క రాత్రి ఉండిపొమ్మని పిలుస్తుంది. సుసన్న ఏదో ఒక అబద్ధం అల్లుతుంది. ఒకసారి మోకాళ్ల నొప్పి, ఒకసారి చర్చిలో కూడిక. అసలు సంగతి చెప్పుకోవడానికి నోరు రావాలి కదా! పొద్దున్నే బాత్‌రూమ్‌లో గంటసేపు ముక్కినా కడుపు ఖాళీ కాదు. ఇంకొకరి ఇంట్లో అంతసేపు తలుపేసుకుని కూర్చుంటే ఏమనుకుంటారు?

ఒకప్పుడు ఇద్దరూ తెల్లవారకముందే చెంబులు పట్టుకుని ఇబ్రహీంపట్నం శివారులో సర్కారు తుమ్మల చాటుకు పోయేవాళ్లు. అత్తలను తిట్టుకునేది అక్కడే, కడుపుబ్బ నవ్వుకునేది అక్కడే. తర్వాత భూముల ధరలకు రెక్కలొచ్చాయి. తుమ్మలు కొట్టేసి వెంచర్ వేశారు, కాపలావాణ్ణి పెట్టారు. చీకటి పడేదాకా బిగబట్టుకోవడం ఆడవాళ్ల వంతయింది. ఇళ్లల్లో బాత్‌రూమ్‌లు లేచేసరికి ఏళ్లు గడిచాయి, మైసమ్మ వాళ్లు జాగా అమ్ముకుని పట్నం పక్కన జల్‌పల్లికి వెళ్లిపోయారు. ఆ నవ్వు కోసం సుసన్న ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

ఈసారి మైసమ్మ గొంతు మారింది.

"ఐతారం మనుమడి పుట్టెంట్రుకలు. శనివారమే రావాలె. రాకుంటే ఇగ నిన్ను పిలువ."

ఆ మాట గుచ్చుకుని సుసన్న దవాఖానకు పోయింది.

డాక్టర్ పూజిత ఆమెను పడుకోబెట్టి, కాళ్ల మధ్య చల్లటి జెల్లు పూసిన స్కానింగ్ పరికరాన్ని పైపైనే ఆనించింది. పిల్లల్ని కన్నప్పుడు కూడా సుసన్న ఇంత సిగ్గుపడలేదు.

"బిగవట్టు పెద్దమ్మా. ఇప్పుడు దొడ్డికి కూసున్నట్టు ముక్కు. గా తెర దిక్కు చూడు."

బూడిదరంగు తెర మీద ఒక తెల్లటి పట్టీ. ముక్కినప్పుడల్లా అది దగ్గరికి గుంజుకుంటోంది.

"ముక్కినప్పుడు గా కండ వదులు కావాలె. నీది ఉల్టా బిగుస్తున్నది. మస్తు రోజులు బిగవట్టే అలవాటుండెనా?"

సుసన్నకు కొట్టేసిన తుమ్మలు కళ్ల ముందు కదిలాయి. "అవ్ బిడ్డా, ఏండ్లకేండ్లు."

"గందుకే అయ్యుంటది. ఆపరేషన్ అక్కర్లేదు. వదులుడు మళ్ల నేర్పుతం. నెలలు వడ్తది గని ఫికర్ చేయకు."

నెలలంటే, శనివారానికి నయం కాదన్నమాట. ఇక అబద్ధాలు ఆడే ఓపిక లేదు. బయట బల్ల మీద కూర్చుని మైసమ్మకు ఫోన్ కలిపి, సిగ్గు విడిచి మొత్తం చెప్పేసింది.

"ఇంటున్నవా, మైసీ?"

"ఇంటున్న." మైసమ్మ ఎదురడిగింది. "నేనన్న మీ ఇంట్ల ఒక్క రాత్రి పండిన్నానే?"

లేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో పనుందని ఆఖరు బస్సుకు ఉరికేది. దానికి ఇప్పుడు పట్నం గర్వం వచ్చిందని సుసన్న కుమిలిపోయేది.

"నాది గూడ గదే కథ," అంది మైసమ్మ. "నువ్వు రా. పొద్దుగాల తలుపు కాడ నేను కూసుంట. లోపల్నుంచి నువ్వు మీ అత్తను తిట్టు, బయటినుంచి నేను మా అత్తను తిడ్త."

సుసన్న ఏడుస్తూ, అంతమంది చూస్తుండగానే, కడుపుబ్బ నవ్వింది.