తిరుగుడు కుక్క

ఆ పొద్దున మార్కెట్టు వెనక సందులో కుక్కల్ని ఎవరూ తరమలేదు. వల కూడా విసరలేదు. ఈలాయన ఈల వేశాడు, అవి వచ్చాయి. చెత్తకుండీ చాటునుంచి ఒకటి, మూతపడ్డ కొట్టు మెట్ల కిందనుంచి ఇంకోటి, తోకలూపుకుంటూ వచ్చాయి. వచ్చిందాన్ని వచ్చినట్టే కుక్కల బండి డ్రైవరు కర్రసూదితో పొడిచాడు. పొడుగాటి కర్ర, కర్ర చివర సూది, సూదిలో మందు. తగిలిన కుక్క కాస్త దూరం నడిచి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, పక్కకి ఒరిగిపోయేది. మోటారు సైకిలు మీద కూర్చున్న సూపర్‌వైజరు ఇంజను ఆపకుండానే "కానీండి, కానీండి" అంటున్నాడు. మున్సిపాలిటీ దగ్గర కుక్కల పని పట్టిన కాంట్రాక్టరు కారు అద్దం దించుకుని చూస్తున్నాడు.

ఈలాయన కుక్కల బండిలో వలపట్టే మనిషి. ఆయన జుట్టు ఆ పనిలోనే నెరిసింది. పాత పద్ధతి వేరు. కుక్కని వలేసి పట్టి, మళ్ళీ పిల్లలు పుట్టకుండా కుక్కలాస్పత్రిలో ఆపరేషన్ చేయించి, గుర్తుకి చెవి కొస కత్తిరించి, ఏ సందులో పట్టారో ఆ సందులోనే వదిలేవాళ్ళు. చెవి కోసినదాన్ని వాళ్ళ భాషలో తిరుగుడు కుక్క అంటారు. అంటే తిరిగి దాని వీధికి పోవాల్సిందని. పొరపాటున వలలో పడితే మెడ వెనక పట్టుకుని పక్క బోనులో వేసి, దాని చోట దాన్ని దింపాలి. దింపేటప్పుడు ఈలాయన ఒక ఈల వేసి రొట్టెముక్క పెట్టేవాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు, అది ఆయన సరదా. అలా ఊళ్ళో సగం కుక్కలకి ఆ ఈలంటే ఇల్లు చేరామన్న కబురు. ఇప్పుడు అదే కాంట్రాక్టరుకి కలిసొచ్చింది.

మొన్నామధ్య బడి దగ్గర ఒక పాపని కుక్క కరిచింది, బాగా కరిచింది. ఊరు అట్టుడికిపోయింది. కుక్కలన్నిటినీ "తరలించాలి" అని మున్సిపాలిటీలో తీర్మానం చేశారు. ఎక్కడికి తరలించాలండీ అని డ్రైవరు అడిగితే కాంట్రాక్టరు వేలు ఆకాశానికి చూపించి నవ్వాడు. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యాలని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ముద్ర ఎవరి చేత్తో పడుతుందో, సూది ఎవరి చేత్తో పొడిపిస్తారో మాత్రం సామెతలో చెప్పలేదు.

నాలుగోదో అయిదోదో, ఒక గోధుమరంగు ఆడకుక్క వచ్చింది. దాని చెవి కొస లేదు.

"తిరుగుడేరా!" అంటూ పొట్టోడు వంగాడు.

పొట్టోడు ఈలాయనకి జోడీ. పట్టిన కుక్కని బోనులో వెయ్యడం వాడి పని. అన్నేళ్ళ అలవాటు ఒక్క ఆర్డరుతో పోతుందా? చెవి చూడగానే వాడి చెయ్యి దాని మెడ వెనక్కి పోయింది. అదే క్షణంలో డ్రైవరు కర్ర ముందుకొచ్చింది. సూది పొట్టోడి మోచేతి పైన దిగింది. ఒంటిమీద తొడుగు లేదు, చేతులకి తొడుగుల్లేవు, బనీను తప్ప ఏమీ లేదు.

"ఏం కాలేదురా, చీమ కుట్టినట్టుంది," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే మోకాళ్ళు మడతపడ్డాయి.

"అంబులెన్సు, అంబులెన్సు పిలవండి బాబూ!" అని ఈలాయన కారు మీద బాదాడు.

"అదొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. బండిలో వేసి తీసుకుపొండి," అన్నాడు కాంట్రాక్టరు. బండిలో అప్పటికే చచ్చిన కుక్కలున్నాయి. వాటి మధ్యే పొట్టోణ్ణి పడుకోబెట్టారు. ఈలాయన వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆస్పత్రి గేటు దాకా కూడా రాలేదు వాడి ఊపిరి.

గేటు దగ్గర కాంట్రాక్టరు వాళ్ళకంటే ముందే నిలబడి ఉన్నాడు. "కుక్కల మంద మీద పడిందండీ, భయానికి గుండె ఆగింది," అని డాక్టరుకి చెప్తున్నాడు. తర్వాత ఈలాయన భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు కళ్ళారా చూశావు. రేపు సాయంత్రం టౌన్‌హాల్లో కుక్కల గురించి మీటింగుంది, అక్కడ ఈ మాటే చెప్పాలి. వాడి పెళ్ళానికి పని ఇప్పించే పూచీ నాది. నీ సంగతీ చూసుకుంటా."

పొద్దుగూకేలోపు ఊరంతా ఒకటే మాట. కుక్కలు కుక్కలవాణ్ణే చంపేశాయట!

ఈలాయన ఇంటికొచ్చేసరికి సూపర్‌వైజరు మోటారు సైకిలు వీధి మలుపులో ఉంది. మనిషి దాని మీదే కూర్చుని ఇటే చూస్తున్నాడు. వీధిలో ఒక్క కుక్క కూడా మొరగలేదు. మొరగడానికి అక్కడ ఏదీ మిగల్లేదని ఈలాయనకి అప్పుడు గుర్తొచ్చింది.

ఒకటే గది ఇల్లు. కూతురు గోడకానుకుని కూర్చుని ఫోను చూస్తోంది. కాలేజీలో జంతువుల తరఫున కొట్లాడే గుంపులో చేరి ఏడాదైంది. తండ్రీకూతుళ్ళకి అప్పట్నుంచీ ఉప్పూ నిప్పూ. "మీరు వలలో పడేసేది ప్రాణాన్ని నాన్నా," అనేది. "ఆ ప్రాణమే నీ ఫీజు కట్టింది తల్లీ," అనేవాడాయన.

ఇవాళ ఆ పిల్ల ముఖం ఎత్తలేదు.

"నాన్నా, పొద్దున నేను ఆ సందుకి ఎదురు మేడ మీదున్నా. అంతా తీశాను."

ఊళ్ళో అందరి ఫోన్లలోనూ మధ్యాహ్నం నుంచి తిరుగుతున్న వీడియో అదే. కుక్కలు రావడం, సూది, ఒరిగిపోవడం, పైన ఎర్రక్షరాలతో "హంతకులు". ఈలాయన వీపు మాత్రం కనిపిస్తోంది. గోధుమరంగు కుక్క రాకముందే వీడియో అయిపోయింది.

"మా పొట్టోడేడీ?"

పిల్ల ఫోను బోర్లించింది. "మావాళ్ళు కత్తిరించారు. మనిషి చావు చూపిస్తే జనం కుక్కల్ని మర్చిపోతారన్నారు. నీ ముఖం కనపడుతుందని నేనూ సరేనన్నా."

"వాడి చావు మీకు అడ్డమొచ్చిందా?" అన్నాడు ఈలాయన. "కాంట్రాక్టరు వాడి చావుని కుక్కల మీదికి తోశాడు. మీరు అసలు వాడే లేకుండా చేశారు. మీకూ ఆ కాంట్రాక్టరుకీ తేడా ఏంటే?"

కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. "మీవాళ్ళ దగ్గరికి నన్ను తీసుకుపో," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఈలాయన తన బండివాళ్ళని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. ప్రింటింగ్ ప్రెస్సు మీది గదిలో రెండు గుంపులూ ఎదురూబొదురూ కూర్చున్నాయి. ఒకపక్క కాలేజీ పిల్లలు. ఇంకోపక్క డ్రైవరు, బోన్లు కడిగేవాళ్ళు, గొయ్యి తవ్వేవాళ్ళు, పొట్టోడి పెళ్ళాం. మధ్యలో ఉన్న బల్ల మీద చెయ్యి పెట్టడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. పిల్లల నాయకుణ్ణి అందరూ గడ్డం అంటారు.

"వీడియోలతో పని కాదు," అన్నాడు గడ్డం. "షెడ్డులో కుక్కల బళ్ళన్నీ తగలబెట్టాలి. అప్పుడాగుతుంది."

"షెడ్డులో కాపలా తాత నిద్రపోతుంటాడు బాబూ," అన్నాడు డ్రైవరు. "అయినా బండి కాలిస్తే కొత్త బండొస్తుంది. తోలడానికి నాలాంటోడే ఇంకోడొస్తాడు."

"అంటే జీతమిస్తే ఏ ప్రాణమైనా తీస్తారన్నమాట!" అన్నాడు గడ్డం.

ఆ మాట ఈలాయనకి చెంపదెబ్బలా తగిలింది. తగలాల్సిన మాటే అది. డ్రైవరు తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు. వాడికి పొట్టోడు చిన్నప్పటి స్నేహితుడు. నిన్నటినుంచి ముద్ద దిగలేదు.

"తీశాం," అన్నాడు ఈలాయన. "వద్దనే ధైర్యం లేక తీశాం. నేను పిలిస్తేనే వచ్చాయవి. ఇంకా ఏమంటావో అను, పడతాను."

గడ్డం తగ్గలేదు. "మీకు నోరుంది, యూనియన్ పెట్టుకోవచ్చు, కోర్టుకి పోవచ్చు. కుక్కకి నోరు లేదు. అందుకే ముందు దాని తరఫున మాట్లాడాం. తప్పా?"

"నా మొగుడికీ లేదిప్పుడు నోరు," అంది పొట్టోడి పెళ్ళాం.

ఆమె గొంతు పెంచలేదు. "ఆ కుక్కని సూదినుంచి తప్పించబోయి పోయాడంట. కుక్కే చంపిందని ఊరంతా అంటోంది. ఆ మాట నిలబడితే రేపట్నించి ఇంకా చంపుతారు. మీ కుక్కలకైనా నా మొగుడు కావాలి కదా బాబూ. మొత్తం చూపించండి."

"చూపిస్తే మన మేడ మీదున్నవాళ్ళని కూడా పట్టుకుంటారు," అన్నాడెవరో వెనకనుంచి. "పట్టుకోనీ," అన్నాడు గడ్డం, ఈసారి నెమ్మదిగా.

కూతురు తండ్రి వైపు చూసింది. "నాన్నా, మొత్తం పెడితే నీ ముఖం కనపడుతుంది. ఈల కూడా. మూగజీవాల్ని హింసించాడని ముందు నిన్నే లోపలేస్తారు."

"నా ముఖం అక్కడే ఉందిగా తల్లీ. లేదంటే అబద్ధమవుతుంది. పెట్టు."

టౌన్‌హాలు ఆ సాయంత్రం ఇసకవేస్తే రాలనట్టుంది. కుక్క కరిచిన పాప తల్లి ముందుగా లేచింది. పాప చెయ్యి ఇంకా కట్టులోనే ఉందనీ, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తోందనీ చెప్పింది. "కుక్కల హక్కులు చెప్పేవాళ్ళు ఒక్కరోజు మా వీధిలో పిల్లల్ని బడికి పంపి చూడండి," అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె మాటలో అబద్ధం లేదు. తర్వాత కాంట్రాక్టరు మైకందుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, ఎంత దుఃఖమో!

"మా కార్మికుణ్ణి పొట్టన పెట్టుకున్నాయి. చూసినవాడే చెప్తాడు, వినండి."

ఈలాయన మైకు ముందుకొచ్చాడు. సూపర్‌వైజరు మెట్ల పక్కనే నిలబడ్డాడు, మైకు తీగ మీద కాలేసి.

"మా పొట్టోణ్ణి కుక్క ముట్టుకోలేదు. సూది తగిలి పోయాడు. తొడుగులియ్యలేదు, అంబులెన్సు పిలవనియ్యలేదు. తరలించమన్నారని చెప్పి మాచేత చంపించారు. ఈ పెద్దమనిషి పక్కనే కూర్చుని చూశాడు. చంపిన చేతుల్లో నావీ ఉన్నాయి."

సూపర్‌వైజరు కాలితో తీగ లాగాడు, మైకు ఆగిపోయింది. అప్పుడే హాల్లో ఎక్కడో ఒక ఈల వినిపించింది. తర్వాత ఇంకో మూల. కూతురూ స్నేహితులూ మొత్తం వీడియో వదిలారు. ఫోను తర్వాత ఫోను, వరస తర్వాత వరస, వందల జేబుల్లోనుంచి ఆయన ఈలే ఆయన మీదికి వచ్చింది. అంత ముద్దుగా పిలుస్తున్న ఆ ఈల వినలేక ఈలాయన చెవులు మూసుకున్నాడు. తర్వాత "తిరుగుడేరా" అన్న పొట్టోడి గొంతు. తర్వాత కారు అద్దంలో కాంట్రాక్టరు ముఖం.

పాప తల్లి ఫోను మీదనుంచి తలెత్తింది. "మరి నా బిడ్డ సంగతి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తానమ్మా," అని ఈలాయన మైకు లేకుండానే అరిచాడు. "కుక్కలాస్పత్రికి ఏడాదినుంచి తాళం. ఆపరేషన్లు లేవు, పిచ్చి రాకుండా వేసే సూదిమందుల్లేవు. ఆ ఆస్పత్రి కాంట్రాక్టూ ఇతనిదే, తాళం వేసిందీ ఇతనే. మేం పట్టి తెస్తే రాత్రికి ఊరి చివర వదిలెయ్యమనేవాడు. అవి ఆకలికి వీధులెంట పడ్డాయి. మీ పాపని కరిచింది కుక్కే. దాన్ని అక్కడిదాకా తెచ్చింది ఎవరో ఆయన్నడగండి."

అడగడానికి జనం లేచారు. పోలీసులు ఇంకా తొందరగా లేచారు. వాళ్ళు కాంట్రాక్టరుకి దారి చేసి కారెక్కించారు, ఈలాయనకి బేడీలు వేశారు. కూతురు జీపు వెంట పరిగెత్తింది. "ఇంటికి పో తల్లీ," అన్నాడాయన. ఆ పిల్ల వినలేదు, ఎప్పుడు వింది గనక.

పొద్దున లాకప్పు కిటికీ చువ్వల్లోంచి ఈలాయన చూసేసరికి కుక్కల బళ్ళన్నీ స్టేషను ముందు వరసగా నిలబడి ఉన్నాయి. బండివాళ్ళు, కాలేజీ పిల్లలు, పొట్టోడి పెళ్ళాం, అందరూ అక్కడే ఉన్నారు.

"ఏంట్రా ఈ సంత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సూది పట్టింది ఆయన కాదు, నేను," అన్నాడు డ్రైవరు. "రాసుకోండి."

"చచ్చినవాటిని బండిలో వేసింది నేను," అన్నాడు బోన్లు కడిగేవాడొకడు.

"గొయ్యి తవ్వింది మేం. మా పేర్లూ రాయండి. ఎవరు చంపమన్నారో ఆ కిందే రాయండి."

ఇన్‌స్పెక్టరు కలం ముట్టుకోలేదు. లాఠీలు మాత్రం బయటికొచ్చాయి. అప్పుడే సూపర్‌వైజరు మోటారు సైకిలు వెనకాల ఒక లారీ వచ్చింది. నిండా కొత్త మనుషులు. ఎక్కడివాళ్ళో, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. వాళ్ళ కాళ్ళ దగ్గర కొత్త కర్రసూదులు కట్టలు కట్టి ఉన్నాయి.

గడ్డం రాయి తీశాడు. కూతురు వాడి మణికట్టు పట్టుకుంది. పొట్టోడి పెళ్ళాం లారీ దగ్గరికి నడిచింది.

"ఏం పనని చెప్పారు నాయనా మీకు?"

"సామాన్లు తరలించే పనన్నారమ్మా," అన్నాడు లారీలో ముందున్నవాడు.

ఆమె చెప్పింది. కర్ర గురించి, మొగుడి గురించి, ఉన్నదున్నట్టు చెప్పింది. సూపర్‌వైజరు "ఎవరూ దిగొద్దు, దిగినవాడికి పని లేదు!" అని కేకలేస్తూనే ఉన్నాడు. వాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఈలాయన చువ్వలకి ముఖం ఆనించి చూస్తున్నాడు. ఆకలిగొన్నవాడు ఎటు దూకుతాడో ఆయనకి తెలుసు, ఆయనా దూకినవాడే.

ముందున్నవాడు దిగాడు. వాడి వెనక ఇంకోడు. లాఠీ దెబ్బ మొదటిది డ్రైవరు భుజం మీద పడింది, రెండోది గడ్డం నెత్తి మీద. అయినా లారీలోంచి మనుషులు దిగుతూనే ఉన్నారు, కొందరు మాత్రం కర్రల కట్టల మధ్య తల దించుకుని కూర్చుండిపోయారు. రోడ్డవతల పాప తల్లి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. దెబ్బ తగిలిన వాళ్ళని చూసి ఆమె కూడా రోడ్డు దాటింది.

మధ్యాహ్నానికి లాకప్పులో నిలబడ్డానికి చోటు లేదు. దూరంగా ఇంకా పోలీసు బళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టరు వరండాలోకొచ్చి, మిగతావాళ్ళంతా ఇళ్ళకి పొండని చెప్పాడు.

ఎవరూ పోలేదు.