చక్రం లోపలి బొట్టు

శుక్రవారం తెల్లారేసరికి పసుపు కలిపి ఉండాలి. కాఫీ గ్లాసు చేతికిచ్చేలోపే ప్రకాశరావు అడిగేస్తాడు, "పసుపు కలిపావా?" అని. తలనొప్పి తగ్గిందా, రాత్రి నిద్రపట్టిందా అని కాదు. పసుపు కలిపావా అని.

తెనాలి శివార్లలో శివరామయ్యగారి కార్ల షోరూము, దాని వెనక పెద్ద యార్డు. ఆ యార్డుకి మేనేజరు ప్రకాశరావు. మద్రాసు నుంచి లారీల మీద దిగిన కొత్త కార్లు అమ్ముడుపోయేదాకా అక్కడే ఉంటాయి. బాపట్ల, రేపల్లె వైపు నుంచి కూడా జనం వచ్చి కొనుక్కుపోతారు. శివరామయ్యగారికో నమ్మకం. యార్డులో ఉన్న ప్రతి కారు ప్రతి చక్రానికీ శుక్రవారం పూట ముత్తయిదువ చేత్తో పసుపూ కుంకుమా పడాలి. మొదట్లో ఆయన భార్యే పెట్టేదట. ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంకేముంది, మేనేజరుగారి భార్య తులసి ఉండనే ఉంది, ఆవిడ మోకాళ్ళకేం తక్కువ!

"మరి నాకూ జీతం ఇప్పించరాదూ," అని ఒకసారి నవ్వుతూ అడిగింది తులసి. "బొట్టు పెట్టడం కూడా ఒక పనేనటే? పుణ్యం కదా," అన్నాడు ప్రకాశరావు. దసరాకి మాత్రం ఓ జాకెట్టు ముక్క వచ్చేది. ఎవరో శివరామయ్యగారింట్లో పెట్టిందాన్నే మడత మార్చి పంపినట్టుండేది.

ఆ ఏడు, తొంభై నాలుగు వేసవిలో, ప్రకాశరావు కొత్త మాట పట్టుకొచ్చాడు. "చక్రాల మీద ఆ మరకలేంటి, అసహ్యంగా? కొనేవాళ్ళు మొహం చిట్లిస్తున్నారు. కనపడకుండా లోపలి వైపు పెట్టు." లోపలి వైపు పెట్టాలంటే మట్టిలో చతికిలబడి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి, రేకు అంచు తడుముకుంటూ పెట్టాలి. ఒక కారు అయ్యాక లేచి, ఇంకో కారు దగ్గర మళ్ళీ కూలబడాలి. గ్రీజు మోచేతిదాకా అంటేది. ఓసారి రేపల్లె నుంచి వచ్చిన అత్తగారు ధనమ్మ ఆ గ్రీజు మరకల జాకెట్టు చూసి, "మెకానిక్కులా తయారయ్యావేంటే," అని పకపకా నవ్వింది. తులసీ నవ్వింది. నవ్వేస్తే మాట అక్కడితో ఆగుతుందని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది. మొదట్లో ఏదో ఒక మాట నాలిక చివరిదాకా వచ్చేది, మింగేది. ఇప్పుడు మింగడానికి కూడా ఏమీ రావడం లేదు. చెయ్యి పసుపులో ముంచుతుంది, పెడుతుంది, మళ్ళీ ముంచుతుంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉంటుంది, అంతే.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున యార్డు గేటు తీసేసరికి కార్లన్నీ ఇటుకల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ చక్రాల్లేవు. టైర్లు, రేకులు, నట్లు మొత్తం ఊడదీసుకుని, కార్లకి మాత్రం గీత కూడా పడకుండా ఇటుకల మీద ఆనించి పోయారు మహానుభావులు. తెనాలి తెనాలంతా యార్డు గోడెక్కి చూసింది. "శివరామయ్యగారి కార్లు పెళ్ళిపీటలెక్కాయిరోయ్," అని బస్టాండులో ఒకటే నవ్వులు. శివరామయ్యగారు మంచం పట్టారు.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నేరం కాస్తా కాపలా జకరయ్య మీద పడింది. ఆ రాత్రి చర్చిలో ప్రార్థన కూడిక ఉంటే, మేనేజరుగారే వెళ్ళమన్నారని అతను మొత్తుకున్నాడు. "నేనా? నేనెప్పుడన్నాను?" అన్నాడు ప్రకాశరావు. పోలీసులు జకరయ్యని జీపెక్కించారు. ఆ మధ్యాహ్నం ప్రకాశరావు గోంగూర పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. మనసు బాగోలేనప్పుడు మొగుడు ముద్ద ముట్టడని తులసికి తెలుసు. వింతగా అనిపించింది కానీ, అనిపించినదాన్ని పట్టుకుని ఆలోచించే ఓపిక లేక గిన్నెలు కడుక్కుంది.

పది రోజులకి రేపల్లెలో మామగారి తద్దినం. ధనమ్మ చిన్నకొడుకు వెంకటప్పయ్య దగ్గర ఉంటుంది. అతనికి సొంత లారీ, పెరట్లో గోడౌనూ ఉన్నాయి. పొద్దుటి నుంచీ పప్పు రుబ్బడం, గారెలు వేయడం, అన్నం వార్చడం అన్నీ తులసే. "విస్తరాకుల కట్ట గోడౌన్లో ఉందే, పట్టుకురా," అని తోటికోడలు కేకేసింది. వెళ్ళింది. కట్ట లాగితే పక్కన ఉన్న గోనెపట్టా జారింది.

చక్రాలు. గోడ పొడుగునా ఒకదాని మీద ఒకటి పేర్చిన కొత్త చక్రాలు. బయటివైపు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. తులసి వంగి అలవాటుగా చెయ్యి లోపలికి పోనిచ్చింది. వేళ్ళకి ఎండిన పసుపు పొడి తగిలింది. ఇంకో చక్రం చూసింది, ఇంకోటి. అన్నింటికీ లోపలి అంచున బొట్టు ఉంది. ఈ భూమ్మీద చక్రానికి లోపలివైపు బొట్టు పెట్టే పిచ్చిది తనొక్కతే. పెట్టమన్న మనిషికి ఆ సంగతే గుర్తులేదు. ఆమె చేసిన పనిలో గుర్తుపెట్టుకోదగ్గది ఏదైనా ఉంటుందని అతనికి ఎప్పుడూ తట్టలేదు మరి.

గోనెపట్టా మళ్ళీ కప్పింది. ఆకుల కట్ట తెచ్చింది. అందరికీ వడ్డించింది. ఏడుపు రాలేదు, భయం వెయ్యలేదు. గారె ఇంకోటి వేయమంటే వేసింది.

గోడౌన్ వైపు నుంచి రావడం ధనమ్మ చూసింది. భోజనాలయ్యాక బావి దగ్గర పట్టుకుంది. "మగాళ్ళ వ్యవహారాలు మనకెందుకే. మొగుడి క్షేమం ఆడదాని నోట్లో ఉంటుంది. నోరు మూసుకుంటే పదికాలాలు చల్లగా ఉంటావు."

"అలాగే అత్తయ్యా," అంది తులసి. ఆ మాట ఎన్నాళ్ళుగానో ఆమె అనుమతి లేకుండానే నోట్లోంచి వచ్చేస్తూ ఉంటుంది.

తెనాలికి తిరిగొచ్చే రైల్లో అడిగింది. "జకరయ్యని వదిలేస్తారంటారా అండీ?"

"ఎందుకు వదులుతారు? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మనవాళ్ళు పట్టారు," అని ప్రకాశరావు వేరుశనక్కాయలు ఒలుచుకున్నాడు. తొక్కలు ఆమె ఒళ్ళో పోశాడు, కిటికీలోంచి పారబోయమని.

గురువారం జకరయ్య భార్య ఏసమ్మ వచ్చింది. ప్రకాశరావు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. "ఒప్పేసుకోమను. ఒప్పుకుంటే కొట్టరు, తక్కువతో పోతుంది. నేనూ ఒక మాట చెప్తాను." అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఏసమ్మ కదల్లేదు. తులసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"అరికాళ్ళ మీద కొట్టారమ్మా. నిలబడలేకపోతున్నాడు. రేపు ఒప్పుకుంటానంటన్నాడు, దెబ్బలకి తట్టుకోలేక. చెయ్యని దొంగతనం ఎట్టా ఒప్పుకుంటావయ్యా, పిల్లలకి దొంగ పిల్లలని పేరొచ్చుద్ది కదా అంటే, పేరుదేముందే, పేణం మిగలనీ అంటన్నాడమ్మా." గ్లాసు చేతిలో అలాగే ఉంది, తాగలేదు. "అయ్యగారు దేవుడిలాంటోరు. మీరన్నా ఇంకో మాట సెప్పించండమ్మా."

దేవుడిలాంటోరు. ఆ మాట వినగానే తులసికి ఒళ్ళంతా సిగ్గు పాకింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఏదో ఒకటి అనిపించినందుకు ఆశ్చర్యపోయింది. చెప్తే ఏమవుతుందో తెలుసు. మొగుడు జైలుకి పోతాడు, అత్తింటి గడప మూసుకుంటుంది, పుట్టింట్లో వదినలు పక్క చూపులు చూస్తారు. చెప్పకపోతే ఏమీ కాదు. ఇన్నేళ్ళూ అయినట్టే, ఏమీ కాదు. ఆ ఏమీ కాకపోవడమే ఇప్పుడు భరించలేననిపించింది.

శుక్రవారం. యార్డులో చక్రాలే లేకపోయినా అలవాటు చొప్పున, "పసుపు కలిపావా?" అన్నాడు ప్రకాశరావు. "లేదండి," అంది తులసి. అతను గడ్డం గీసుకుంటూ సరిగ్గా వినలేదు. ఊఁ అన్నాడు.

పోలీస్ స్టేషను మెట్ల మీద ఏసమ్మ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. తులసి ఆమెని చూసింది, ఆగలేదు. ఆగితే వెనక్కి తిరుగుతానేమోనని భయం. లోపల ఎస్సై ఎదురుగా కూర్చుని రేపల్లె గోడౌన్ సంగతి చెప్పింది. లారీ సంగతి చెప్పింది. లోపలి బొట్ల సంగతి చెప్పేటప్పుడు ఎస్సై కలం పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇదంతా చేయించిందెవరమ్మా?"

"ఆయనేనండి."

"ఆయనంటే ఎవరో తెలియాలి కదమ్మా. పేరు కావాలి." ఎస్సై కూడా ఆ ప్రాంతం మనిషే. ఆమె ఇబ్బంది అర్థమైంది. మొగుడి పేరు నోటితో అంటే అతని ఆయుష్షు తరిగిపోతుందని అక్కడి ఆడవాళ్ళకి ఉగ్గుపాలతో నేర్పుతారు. తులసి కూడా పెళ్ళినాటి నుంచి ఒక్కసారీ అనలేదు. ఆస్పత్రిలో, రేషన్ షాపులో పక్కవాళ్ళ చేత చెప్పించేది. ఎస్సై తెల్లకాగితం, కలం ఆమె ముందుకి జరిపాడు. "పోనీలెండి, నోటితో అనక్కర్లేదు. రాసివ్వండి చాలు."

తులసి ఆ కాగితాన్ని వెనక్కి జరిపింది.

"ప్రకాశరావు," అంది.

మాట చిన్నగా వచ్చింది. పక్కన రాసుకుంటున్న కానిస్టేబులు ఏంటన్నట్టు తలెత్తాడు. ఈసారి మెట్ల మీద కూర్చున్న ఏసమ్మకి కూడా వినపడేలా, ఇంటిపేరుతో సహా చెప్పింది.