గవరయ్య వేసిన తాళం

నేను ఒక తాళం కప్పను. బరువైన ఇత్తడి దాన్ని. ఎక్కడో ఉత్తరాదిన పుట్టి, బొబ్బిలిలో ఇనప సామాన్ల కొట్టుకు చేరి, మేకుకు వేలాడుతూ ఎదురు చూశాను. ఒక వేసవి పొద్దున్న గవరయ్య వచ్చాడు.

"గట్టిదియ్యి. సుత్తెట్టి కొట్టినా ఊడకూడదు."

నా లోపలి స్ప్రింగు ఝల్లుమంది. ఏదో పెద్ద పనే!

పెద్ద పనే మరి. కారం ఘాటుకు ఆయాసం పట్టుకుని గవరయ్య తన పిండి మరను పైడమ్మకు అమ్మాడు. ఆమెకు బ్యాంకు అప్పివ్వలేదు. అందుకని నెలనెలా కట్టేలా తనే కంతులు పెట్టాడు. మర ఆమె చేతికిచ్చాడు గానీ, రిజిస్ట్రేషను మాత్రం ఆఖరి కంతు ముట్టాకే. వరసగా మూడు కంతులు తప్పితే మర తిరిగి తనదే. ఈలోగా మోటారు కాలిపోయింది. మూడూ తప్పాయి. మోటారు బాగుచేయించి, పోయిన బేరం కూడదీసుకుంటున్న పైడమ్మకు ఇంకో బతుకుతెరువు లేదు.

ఆమె ఎదురు బడ్డీకి టీకి వెళ్లడం చూసి గవరయ్య షట్టరు లాగాడు. నన్ను కొండీకి తగిలించి నొక్కాడు. టక్! నా జీవితంలో మొదటి కాటు.

పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటిది మావా?"

"మూడు తప్పాయి. ఇప్పటినుండీ మర నాది."

"నోటీసిచ్చావా? కోర్టుకెళ్లావా?"

"నా మరకి నాకు కోర్టేటి?"

పైడమ్మ అరుగు మీద కూర్చుని కొంగుతో విసురుకుంది. గవరయ్య మరిచిపోయిందేమిటో ఆమెకు తెలుసు. అది ఆవకాయ రోజులు. వీధి మొత్తం మిరపకాయల డబ్బాలు, ఆవాల డబ్బాలు లోపలే ఉన్నాయి. ఇళ్లలో మామిడి ముక్కలు కోసి పెట్టేశారు.

కాసేపటికే ఆడవాళ్లు వచ్చిపడ్డారు. "పైడమ్మా, కారమేదే?"

"నన్నడుగుతారేటి? మర గవరయ్య మావది. ఇప్పుడే సెప్పాడు."

అందరూ అటు తిరిగారు. "మావా, మా ముక్కలు నీరోడిపోతన్నాయి. ఆడించు." "మర నీదైతే డబ్బాలూ నీ పూచీయే కదేటి?"

గుంపు వెనకనుంచి గవరయ్య భార్య అసిరమ్మ గొంతు: "మన డబ్బా కూడా లోపలే ఉంది. సూస్తావేటి? ఆడించు."

నాలో తాళం చెవి తిరిగింది. నేను నోరు తెరిచాను. నన్ను కొండీకే వేలాడదీసి గవరయ్య లోపలికెళ్లాడు. మోటారు వేశాడు. మిరపకాయలు పోశాడు. ఎర్రటి పొగ లేచింది. క్షణాల్లో దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి కూలబడ్డాడు. లోపల మిరపకాయలు అయిపోవచ్చాయి. రాయి మీద రాయి కరకరమంటోంది. అలా ఖాళీగా తిరిగితే రాళ్లు పాడవుతాయి.

పైడమ్మ మూతికి తువ్వాలు కట్టుకుని, గుమ్మంలోనే నిలబడింది.

"రాళ్లు పోతాయే, ఎల్లు!" అన్నాడు గవరయ్య.

"ఎవరి రాళ్లు, మావా?"

కరకర పెరిగింది. ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. గవరయ్య ఇంకోసారి దగ్గి చెయ్యి ఊపాడు.

"నీవే. నీ రాళ్లే. ఎల్లు."

"తప్పిన కంతులో?"

"ఆఖర్న కట్టు. ముందెల్లవే తల్లీ!"

పైడమ్మ ఒక్క అంగలో లోపలికి దూకి డబ్బా కుమ్మరించింది. మర గొంతు మారింది. ఆ మధ్యాహ్నానికి వీధంతా ఆవకాయ కలుపుకుంది, అసిరమ్మతో సహా.

సాయంత్రం పైడమ్మ నన్ను ఊడదీసి గవరయ్యకు అందించింది. "నీ తాళం, మావా."

నన్ను చూడగానే అతనికి మళ్లీ దగ్గొచ్చింది. "నాకెందుకు? నువ్వే ఉంచుకో. దీని కరీదు కూడా కంతులో కలిపేస్తాను."

మరను లాక్కోవడానికి కొన్న నన్ను ఆ మరకే కాపలా పెట్టారు. మనుషుల లెక్కలు మా ఇత్తడి బుర్రకు అందవు. మరతోపాటు నేనూ ఇప్పుడు వాయిదాల మీదే ఉన్నాను. ఆఖరి కంతు ముట్టేదాకా ఎవరిదానివని అడిగితే ఏం చెప్పను? చెవి మాత్రం పైడమ్మ కొంగున ఉంది.