పెంట పోసినవాళ్ళు

కోత ఎత్తిన మర్నాడే ఆసామిగారి గుమాస్తా వచ్చి పెంటవదిన మడిలో గుంజ పాతేశాడు.

"ఈ ఏడు ఇది ఆసామిగారి సొంత సాగు. నువ్వు చివరున్న చౌడుమడి తీసుకో. కౌలు ఏడాదికే కదా!"

మూడేళ్ళు! ఊరంతా ముక్కు మూసుకుని నవ్వుతుంటే తట్టలకొద్దీ పశువుల పెంట మోసింది ఆమె. ఆ పేరూ అలా వచ్చిందే. మొదటి ఏడు పక్కమడిలో మరిది యూరియా చల్లితే వరి ఏపుగా లేచింది, ఆమెది పాలిపోయింది. రెండో ఏడు సరిసమానం. మూడో ఏడు గాలివానకి మరిది వరి చాపలా పడిపోయింది, ఆమెది నిలబడింది. ఆ మట్టినే ఇప్పుడు లాక్కుంటున్నారు.

సాయంత్రం కౌలుదారులంతా కళ్లంలో కూడారు.

"అందుకే యూరియా బస్తా నయమన్నాను వదినా," అన్నాడు మరిది. "పదిరోజుల్లో ఫలితం. నువ్వు నేల బాగుచేసి వాళ్ళకి ఒప్పజెప్పావు."

కౌలుదారుల్లో పెద్దవాడు, ముసలి మేస్త్రి లేచాడు. "ఆ బస్తా ఏటేటా ఇంకో పిడికెడు ఎక్కువ అడగట్లేదట్రా? నేల చచ్చిపోతోంది!"

"చావనీ! ఏడాది కౌలుగాడికి మూడేళ్ళ నేలెందుకు?"

బాగుచేస్తే మడి పోతుంది, చేయకపోతే నేల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పోట్లాట బస్తాకీ పెంటకీ కాదు," అంది పెంటవదిన. "ఏడాదికీ మూడేళ్ళకీ. మడి మార్చేస్తారని భయపడే కదా మీరు పెంట వేయంది? అందరం ఒకేసారి వేద్దాం. ఎంతమందిని మారుస్తారు?"

"అందర్నీ గెంటేస్తే?" అన్నారెవరో.

"నాట్లు గుమాస్తా వేస్తాడా? ఆయనకి పంచె ఎగ్గట్టడమే రాదు!"

భయపడుతూనే నవ్వారు.

తెల్లారి నలభై కుటుంబాలు తట్టలతో దిగాయి. మడిమడికీ కుప్ప. గుమాస్తా ఫోను చేశాడు, పోలీసు జీపు వచ్చింది.

"ఏంటీ పెంట?" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"పెంటేనండి," అంది ఆమె. "మూడేళ్ళు పనిచేస్తుంది. అంతదాకా ఎవరి మడి వాళ్ళదే. కదలం."

ఆమెను జీపెక్కించారు. చెయ్యి పట్టుకున్న కానిస్టేబులు ముక్కు చిట్లించాడు. ఆమెకి భయం వేసింది, అబద్ధమెందుకు? వెనక్కి తిరిగి తన మడి చూసుకుంది.

గుమాస్తా పాతిన గుంజ మీద మరిది తట్ట బోర్లిస్తున్నాడు. పెంట ముట్టుకోవడం వాడికిదే మొదలు. వాడి వెనక మేస్త్రి, మేస్త్రి వెనక ఆడవాళ్ళు. జీపు మలుపు తిరిగేసరికి గుంజ కనబడలేదు.