తాళం చేతికిచ్చింది మాదన్నే

ఫైనాన్సు కంతులు కట్టనివాళ్ల బండ్లు ఎత్తుకొచ్చే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద నన్ను చూస్తే ఆటోవాళ్లు సందుల్లోకి దూరతారు. అలాంటి నన్ను హొళగుంద దగ్గర ఒక పల్లెలో డిగ్రీ చదివే పిల్ల నవ్వులపాలు చేసింది.

వాళ్ల నాయన మాదన్న. కూలీలను చేలకు తిప్పే ఆటో, మూడు కంతులు బాకీ. ఆ ఆటో పోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. అది తెలిసే వెళ్లాను. నేను హ్యాండిల్ పట్టుకోగానే కూతురు ప్రేమలత అడ్డం నిలబడింది.

"నీ ఏజెంటు కార్డు యాది? నోటీసు ఎప్పుడిచ్చినారు? స్టేషన్లో సెప్పినారా? ఇవేం లేకుండా బండి ముట్టేకి లేదు. రూల్సు సదివినా."

నా దగ్గర ఒక్కటీ లేదు. చుట్టూ మూగిన ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒళ్లు మండిపోయింది నాకు. అయినా దండం పెట్టి, "సరేనమ్మా" అని వచ్చేశాను. రూల్సు కట్టేది నా చేతులను, బంధువుల చేతులను కాదు.

నేరుగా ఎమ్మిగనూరు పోయాను. లోనుకు జామీను సంతకం పెట్టిన లక్ష్మన్న ఇల్లు అక్కడే. మాదన్న అక్క అంజనమ్మకు మొగుడు. ఇంటిముందు కొత్త ట్రాక్టరు ఉంది.

"రేపటిలోగా ఆటో రాకపోతే ఈ ట్రాక్టరు తోలుకుపోతా" అన్నాను.

పచ్చి అబద్ధం. కోర్టుకు పోకుండా దాని జోలికి నేను వెళ్లలేను. ఆయన మాత్రం నమ్మి, ఆటో తానే తెచ్చిస్తానన్నాడు. జామీనుదారుకూ హక్కులుంటాయని ఆ పిల్ల ఆయనకు కూడా చెప్పి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే లక్ష్మన్న తన బామ్మర్ది మాదన్న ఇంటికి వెళ్లి, "పత్తికొండకు టమాటా ఏసకపోవల్ల, బండియ్యప్పా" అని అడిగాడు. బావ అడిగితే కాదంటాడా? మాదన్నే తాళం చేతికిచ్చి, డీజిల్ కూడా పోయించాడు. ఆ ఆటో తిన్నగా ఆదోనిలో, ఎత్తుకొచ్చిన బండ్లు పెట్టే మా యార్డుకు వచ్చింది. మాదన్నకు ఆ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను.

మధ్యాహ్నానికి తండ్రీకూతుళ్లు పరుగున వచ్చారు. లక్ష్మన్న గేటు పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

"ఇది దొంగతనం. కేసు పెడతా" అంది ప్రేమలత.

"పెట్టమ్మా. బండి తెచ్చింది మీ మామ. దొంగ అని ఆయన పేరే రాయి, సాక్ష్యం నేను చెప్తా."

ఇష్టపూర్వకంగా బండి అప్పగిస్తున్నానని రాసి ఉన్న కాగితం మాదన్న ముందు పెట్టాను. దాని మీద సంతకం పడితే ఇక నోటీసు గురించి నన్నెవరూ అడగరు.

"నాయనా, పెట్టొద్దు. పెడితే ఇంగ మనం అడిగేకి ఏముండదు."

"పెట్టకుండా కేసంటే మీ అత్త మొగుడు జైలుకు పోతాడు మ్మా."

"అయితే నేను సదివింది తప్పా?"

"నువ్వు సదివింది కరెక్టేమ్మా" అంటూ మాదన్న ఏడుస్తూనే పెన్ను తీసుకున్నాడు. కన్నీళ్లు పడి మొదటి సంతకం చెరిగిపోయింది. ఇంకో కాపీ ఇచ్చాను.